నిద్రపోతున్నానని చెప్పు

మీ నర్సింగ్ కాలేజీ సావనీరుకి "దుబాయ్ అనుభవం ఏదైనా రాసివ్వండి మేడమ్, పిల్లలకి ఉత్సాహంగా ఉంటుంది" అని మీ ప్రిన్సిపాల్ గారు మూడుసార్లు ఫోన్ చేశారు. నేను పనిచేసింది షార్జాలో. మనవాళ్లకి అక్కడ ఏ ఊరైనా దుబాయే కాబట్టి సరే అన్నాను. ఉత్సాహం సంగతి మాత్రం నా చేతుల్లో లేదమ్మాయిలూ. గొప్పగా చెప్పుకునేవి నా దగ్గర ఓ నాలుగైదు ఉన్నాయి. అవి మా ఇంటికొస్తే కాఫీ ఇచ్చి మరీ చెప్తాను. ఇక్కడ రాసేది నేను చేసిన ఒక వెధవ పని గురించి.

పేర్లు రాయను. కొందరు పోయారు, కొందరి పిల్లలు ఇప్పుడు పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. ఒక్క పేరు మాత్రం రాయాలని చెయ్యి లాగుతోంది. అయినా రాయను. ఎందుకు లాగుతోందో చివరికి మీకే తెలుస్తుంది.

ఎనభైల మొదట్లో సంగతి. మాది ప్రైవేటు ఆసుపత్రి, పెద్దదేం కాదు. ఇంగ్లీషు సర్జన్ ఒకాయన ఉండేవాడు కాబట్టి తెల్లవాళ్లందరూ మా దగ్గరికే వచ్చేవారు. నర్సులం రోలా అనే పేటలో మూడో అంతస్తు ఫ్లాటులో ఉండేవాళ్లం. నాలుగు గదులు, తొమ్మిది మందిమి, ఒక్క బాత్రూము. పొద్దున్నే ఆ బాత్రూము దగ్గర జరిగే యుద్ధాల గురించి వేరే పుస్తకం రాయొచ్చు. దాదాపు అందరం గోదావరి జిల్లాల వాళ్లమే, చర్చి పిల్లలమే. మాలో పెద్దావిడ పాలకొల్లు ఆవిడ. ఆంటీ అనేవాళ్లం. ఆవిడ నోటికి భయపడి ఇంటి ఓనరు కూడా మెట్ల దగ్గరే ఆగిపోయేవాడు.

ఒకరోజు ముదీర్ కబురు పంపాడు. ముదీర్ అంటే ఆసుపత్రి మేనేజరు. మా వీసాలూ, సెలవులూ, పాస్‌పోర్టులూ అన్నీ ఆయన బీరువాలోనే. "ఇంగ్లండ్ నుంచి కొత్త సిస్టర్ వస్తోంది, మీ ఫ్లాటులో మంచం సర్దండి" అని. ఇంకేముంది, ఇల్లంతా కడిగేశాం. కిటికీలకి కొత్త కర్టెన్లు. దొరసాని వస్తోందని ఆంటీ ఎండుచేపల డబ్బా బాల్కనీలోకి మార్చేసింది. తలుపు తీసేసరికి ఎదురుగా ఆరడుగుల నల్లటి మనిషి, చేతిలో రెండు పెట్టెలు, నిండుగా నవ్వుతోంది.

ఆంటీ కూడా ఆవిడ మొహంలోకి చూసి నవ్వుతూనే తెలుగులో అంది, "ఏంటే ఇది, ఇంగ్లండ్ అని చెప్పి ఆఫ్రికాని పంపారు?"

మేం విరగబడి నవ్వాం. ఆవిడకి భాష రాదుగా, మర్యాద అనుకుని ఆవిడా మాతోపాటు నవ్వింది. ఇప్పటికీ అది గుర్తొస్తే సిగ్గుతో చచ్చిపోతాను.

ఆవిడ పుట్టింది ఇంగ్లండ్‌లోనే, ఏదో ఫ్యాక్టరీల ఊళ్లో. అమ్మానాన్నలు ఎక్కడో దీవుల నుంచి అక్కడికి పనికొచ్చినవాళ్లు. మిగతా ఇంగ్లీషు సిస్టర్లకి సముద్రం వైపు క్వార్టర్లు ఇచ్చి ఈవిడ ఒక్కదాన్నీ మా ఇరుకు ఫ్లాటులోకి ఎందుకు తోశారని ఒక్కళ్లం అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడ ఆ మాట నేర్చుకుని అందర్నీ అక్కా అనడం మొదలెట్టింది. నన్నూ అక్కే, ఆంటీనీ అక్కే, ఆఖరికి కూరలబ్బాయిని కూడా అక్కే. పిల్లల వార్డులో డ్యూటీ. ఎంత ఏడ్చే పిల్లయినా ఆవిడ భుజం మీద పడిందంటే కిక్కురుమనేది కాదు. మా పప్పుచారు గ్లాసులో పోసుకుని తాగేది. రెండు నెలలు తిరిగేసరికి ఆంటీ ఆవిడకి ఎండుచేపల పులుసు దాచిపెట్టడం మొదలెట్టింది.

క్రిస్మస్ వచ్చింది. మన దగ్గర ఇప్పటికీ ఉందిగా, క్రిస్మస్ ఫ్రెండ్ చీటీలు. ఎవరి చీటీ వస్తే వాళ్ల కోసం నెలంతా రహస్యంగా ప్రార్థన చేసి, పండగనాడు బహుమతి ఇవ్వాలి. నాకు ఈవిడ చీటీ వచ్చింది. ఏం కొనాలా అని రోలా అంతా తిరిగాను. ఏం కొన్నానో చెప్తే మీరు ఉమ్మేస్తారు. ఒళ్లు తెల్లబడే క్రీము కొన్నాను. ఖరీదైంది, పెద్ద డబ్బా. ప్రేమతోనే కొన్నాను, ప్రభువు సాక్షి. నేను కూడా నలుపే. మా నాయనమ్మ నన్ను కర్రిపిల్లా అనే పిలిచేది, చిన్నప్పటి నుంచి నా మొహం మీద రుద్దని పిండి లేదు. నాకు కావలసిందే ఆవిడకీ కావాలనుకున్నాను.

అందరి ముందూ విప్పింది. డబ్బా మీద రాసింది మొత్తం చదివింది.

"ఎన్నిసార్లు రాయాలి?" అని అడిగింది.

"రోజుకి రెండుసార్లక్కా" అన్నాను ఉత్సాహంగా.

"ఎన్నాళ్లకి తెలుస్తుంది?"

"మూడు నెలల్లో తేడా కనిపిస్తుంది."

"అయితే మా తమ్ముడికి పంపిస్తాను. వాడి కేసు మార్చిలోనే" అంది.

"ఏం కేసక్కా?" అన్నాను. అప్పుడు చెప్పింది, కేకు ముక్క చేతిలో పట్టుకునే.

తమ్ముడికి ఇరవై రెండేళ్లు. ఇంగ్లండ్‌లో చాలా పేరున్న పాటగాడొకడి దగ్గర వ్యాను నడుపుతాడు, వాయిద్యాలు మోస్తాడు. ఆ పాటగాడి పేరు చెప్పగానే నేను కెవ్వుమన్నాను. ఆయన క్యాసెట్టు నా దిండు కింద ఉంది! మనుషులంతా ఒక్కటే, రక్తం అందరిదీ ఎరుపే అనే అర్థం వచ్చే పాట ఒకటుండేది ఆయనది. అర్థం సగమే తెలిసినా రోజూ అది విని పడుకునేదాన్ని. ఆ పాట రాగం కూడా తమ్ముడి వాళ్ల పేట చర్చిలో నల్లవాళ్లు పాడుకునేదేనట, ఆయన అక్కడ విని నేర్చుకున్నాడట.

ఓ ఉదయం పెట్రోలు బంకులో వ్యాను ఆగింది. మిగతావాళ్లు టీకి దిగారు. వెనక సీట్లో పాటగాడు, బయట నూనె చూస్తూ తమ్ముడు. పోలీసులు వచ్చారు. ఇంత మంచి బండి నీకెక్కడిది, ఎక్కడ కొట్టేశావు అన్నారు. "మా అయ్యగారు లోపలున్నారు, ఆయన్నే అడగండి" అని తమ్ముడు అద్దం మీద తట్టాడు. ఆయన కళ్లు తెరిచి వీడి వంక చూశాడట. సగం దించి ఉన్న అద్దంలోంచి మెల్లగా అన్నాడట, "నేను నిద్రపోతున్నానని చెప్పు." అని అద్దం ఎత్తేసి టోపీ మొహం మీదికి లాక్కున్నాడట.

తర్వాత కొట్టారు. దవడ విరిగింది, ఎడమ కన్ను పోయింది. పైగా వీడే పోలీసుల మీద చెయ్యి చేసుకున్నాడని కేసు పెట్టారు. చూసినవాడు ఆయనొక్కడే. నోరు విప్పితే తమ్ముడు ఇంటికొస్తాడు, లేకపోతే జైలుకి. వకీలు ఎన్ని ఉత్తరాలు రాసినా ఒక్కటే జవాబు, నేను నిద్రలో ఉన్నాను, నాకేమీ తెలియదు అని. పత్రికలవాళ్లు అడిగితే, నేను పాటలు పాడేవాణ్ని, పోలీసుల సంగతులు నాకెందుకు అన్నాడట.

అక్క నిద్రపోవడానికి లోపలికి వెళ్లాక ఆంటీ అంది, "అదేం మాటే? కళ్లెదురుగా చావగొడుతుంటే, నిద్రపోతున్నానని చెప్పు అని ఎవడైనా అంటాడా? అదీ ఆ కుర్రాడితోనే?"

"తలకి దెబ్బ తగిలింది కదాంటీ, కలగన్నాడేమో పాపం" అన్నాను నేను. ఆయన మీద ఈగ వాలనివ్వలేదు. ఆ రాత్రీ క్యాసెట్టు పెట్టుకునే పడుకున్నాను.

ఫిబ్రవరిలో గోడల మీద పోస్టర్లు పడ్డాయి. ఆ పాటగాడు మూడు రోజుల ప్రోగ్రాంకి దుబాయ్ వస్తున్నాడు, షార్జా బీచి హోటల్లో బస. అక్క పోస్టరు ముందు నిలబడిపోయింది. ఆయన దిగిన మర్నాడు సెలవు పెట్టి, ఇస్త్రీ చేసిన గౌను వేసుకుని, తమ్ముడి ఫోటోలు పట్టుకుని హోటలుకి వెళ్లింది. ఆయన మనుషులు లాబీలోంచే పంపేశారు. మర్నాడు మళ్లీ వెళ్లింది. ఈసారి గేటు దగ్గరే ఆపేశారు.

మూడోరోజు పన్నెండు గంటలకి ఆయనే మా ఆసుపత్రికి వచ్చాడు, స్ట్రెచర్ మీద. అపెండిక్స్, పగలడానికి సిద్ధంగా ఉంది.

ముదీర్ మమ్మల్ని థియేటర్ బయట వరసగా నిలబెట్టాడు. "ఈ పేషెంటు గురించి ఒక్క మాట బయటికి పోయిందా, ఖలాస్! మర్నాడే టికెట్టు." తర్వాత నా ఒక్కదాని వైపు తిరిగి నవ్వుతూ, "మీ చెల్లెలి వీసా కాగితాలు నా టేబుల్ మీదే ఉన్నాయి కదూ, ఈ వారం సంతకం పెట్టించేస్తాలే" అన్నాడు. మా చెల్లి కాకినాడలో ట్రైనింగ్ అయ్యి ఏడాదిగా ఆ కాగితం కోసం కూర్చునుంది. అలాంటి నవ్వు అర్థం చేసుకోవడానికి అరబ్బీ రానక్కర్లేదు.

ఆ రోజు రికవరీ డ్యూటీ నాది. మీకిప్పుడు మెషిన్లు వచ్చాయి, అవే కూస్తాయి. అప్పుడు మనిషి పక్కనే నర్సు కూర్చోవాలి. తల ఒక పక్కకి తిప్పి, నాలుక వెనక్కి పడకుండా గడ్డం పట్టుకుని, పదిహేను నిమిషాలకోసారి బీపీ, పల్సు. మధ్యమధ్యలో పేరు పెట్టి పిలవాలి. మత్తు దిగేటప్పుడు మనుషులు ఏవేవో మాట్లాడతారు. బూతులు తిడతారు, అమ్మనీ దేవుణ్నీ పిలుస్తారు, దాచుకున్నవన్నీ కక్కేస్తారు. అవి మనం వినకూడదు. విన్నా మోయకూడదు. చార్టులో "ఇర్రెలవెంట్ టాక్" అని రెండు ముక్కలు రాసి ఊరుకోవాలి. మా సీనియర్లు మాకు నేర్పింది అదే, నేను మీ అక్కలకి నేర్పిందీ అదే.

ఆయన గడ్డం నా చేతిలో ఉంది. నిజం చెప్పొద్దూ, నాకు భలే సంబరంగా ఉంది. దిండు కింది మనిషి కదా! మా ఊరివాళ్లకి రాస్తే నమ్ముతారా అని ఆలోచిస్తున్నాను. రెండూ పదికి కాబోలు కనురెప్పలు కదిలాయి. పేరు పెట్టి పిలిచాను.

"తట్టొద్దు" అన్నాడు.

"సర్?"

"అద్దం మీద తట్టొద్దు. వాళ్లు చూస్తారు." చెయ్యి పైకెత్తి దేన్నో పైకి లాగుతున్నట్టు తిప్పాడు. తర్వాత ఒక పేరు పిలిచాడు. అక్క తమ్ముడి పేరు. "నేను నిద్రపోతున్నానని చెప్పు. చెప్పరా. నిద్రపోతున్నానని చెప్పు."

మళ్లీ ఆ పేరు పిలిచి ఏడ్చాడు. కళ్లవెంట నీళ్లు నా వేళ్ల మీదికి కారాయి.

నేను చూడని శవం లేదు, చూడని రక్తం లేదు, కానీ ఆ క్షణంలో పడ్డ కంగారు మళ్లీ ఎప్పుడూ పడలేదు. అక్షరం పొల్లుపోకుండా అవే మాటలు. ఎవడైనా అంటాడా అని మేం కొట్టిపారేసిన మాటలు. ఆ కుర్రాడు కలగనలేదు. దవడ విరిగి, కన్ను పోయి, చెప్పిందంతా నిజమే చెప్పాడు, మేమే కేకు తింటూ వాణ్ని అబద్ధాలకోరుని చేశాం. "ఓరి నీ పాట మీద మన్నుపడ!" అన్నాను పైకే, తెలుగులో. ఆయన మళ్లీ మత్తులోకి జారిపోయాడు. గడ్డం మాత్రం వదల్లేదు నేను. వదిలితే నాలుక వెనక్కి పడుతుంది, నా డ్యూటీ అది.

చార్టు తీశాను. పెన్ను పట్టుకున్నాను. చెల్లి కనిపించింది. ముదీర్ నవ్వు కనిపించింది. ఇరవై నాలుగు గంటల్లో పెట్టె సర్దుకుని, మా ఊరి బస్సు దిగుతున్న నేను కనిపించాను. రెండూ పది అని వేసి, "పేషెంట్ రెస్ట్‌లెస్, ఇర్రెలవెంట్ టాక్" అని రాసి కింద సంతకం పెట్టాను. ముత్యాల్లాంటి దస్తూరీ అని మా ట్యూటరు మెచ్చుకునేది నన్ను.

ఐదు రోజులు ఆయన స్పెషల్ రూములో ఉన్నాడు. హోటలు సంగతి ఆయన మనుషులు చెప్పారు కాబోలు, అక్కని ఆ అంతస్తుకి రానివ్వద్దని కాపలా పెట్టారు. నేను ఫ్లాటులో ఆవిడకి ఎదురుపడకుండా తప్పించుకు తిరిగాను. తలనొప్పని ఒకరోజు, ఉపవాసమని ఒకరోజు. ఆవిడ మాత్రం నా మంచం దగ్గర పప్పుచారు గ్లాసు పెట్టి, మీద మూత పెట్టి వెళ్లేది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆయన మంచివాడమ్మా. అదే నన్ను తినేసింది. బెడ్‌పాన్ పెట్టే ఆయాకి కూడా థాంక్యూ చెప్పేవాడు. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు నొప్పి పుడితే నన్ను నవ్వించడానికి ప్రయత్నించేవాడు. ఒకరోజు మెల్లగా అడిగాడు, "సిస్టర్, మత్తులో నేనేమన్నా వాగానా?"

"మాకు గుర్తుండదు సర్, అందరూ వాగుతారు" అన్నాను.

నా మొహంలోకి చూసి, ఇంక అడగలేదు.

ఆరో రోజు పదకొండు గంటలకి డిశ్చార్జి. ఫోటోలవాళ్లు వచ్చారు. ముదీర్ కొత్త టై కట్టాడు. మమ్మల్నందర్నీ తెల్లటి యూనిఫారాల్లో కారిడార్‌కి రెండువైపులా నిలబెట్టారు, చేతుల్లో పువ్వులు. ఆయన వీల్‌చైర్లో వచ్చాడు, తోస్తున్నది నేను. లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి మెట్ల తలుపు తీసుకుని అక్క వచ్చి ఎదురుగా నిలబడింది. అరవలేదు, ఏడవలేదు. రెండు ఫోటోలు చూపించింది. ఒకదాన్లో కుర్రాడు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. రెండోది వర్ణించను.

"నేను వీడి అక్కని. వచ్చేనెల కేసు. మీరు చూసింది చెప్పండి చాలు. ఇంకేమీ అడగను" అంది.

ముదీర్ "యల్లా, యల్లా, లిఫ్టు!" అని తొందరపెడుతూ కేకేశాడు. పాటగాడు ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. అప్పుడు నాకు ఆశ పుట్టింది, అబద్ధం చెప్పను. ఇప్పుడు చెప్పేస్తాడు, నా మీద భారం ఉండదు అనుకున్నాను.

"చాలా బాధగా ఉంది. అతని కోసం రోజూ ప్రార్థిస్తున్నాను" అన్నాడు మెత్తగా. "కానీ నేను నిద్రలో ఉన్నాను. గొడవల గురించి మాట్లాడ్డానికి నేనెవర్ని? నా దృష్టిలో మనుషులకి రంగు లేదు. సంగీతానికీ రంగు లేదు."

చప్పట్లు! మీరు నమ్మండి నమ్మకపోండి, చప్పట్లు కొట్టారు. మొదట ముదీర్, తర్వాత ఫోటోలవాళ్లు, తర్వాత మా ఆంటీ. ఇంగ్లీషులో అంత బాగా మాట్లాడాడు కదా, కొట్టాల్సిందేమో అనుకుందట. ఎవర్ని పట్టుకోవాలో తెలీక ఆయన కుర్చీనే పట్టుకున్నాను.

అక్క ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగింది.

"అక్కా, రికవరీలో నువ్వున్నావు. ఈయనేమన్నా అన్నాడా?"

అందరూ నన్నే చూస్తున్నారు. ముదీర్ మొహంలో నవ్వు లేదు. పాటగాడు కుర్చీలో వెనక్కి తిరిగి నా మొహంలోకి చూశాడు. ఆ కళ్లలో భయం చూశాను నేను. నా ఒక్క మాట దూరంలో ఉన్నాడు. నా జీవితంలో అంత పెద్దమనిషి నా నోటి వంక అలా చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

"ఏమీ అనలేదు" అన్నాను. "మత్తులోనే ఉన్నాడు. నిద్రపోతూనే ఉన్నాడు."

ఆ ఆఖరి ముక్క ఎందుకన్నానో ఆ దేవుడికే తెలియాలి. ఎవరూ అడగలేదు. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. పాటగాడు కళ్లు మూసుకుని ఊపిరి వదిలాడు. లిఫ్టులో ఎక్కాక జేబులోంచి తన ఫోటో ఒకటి తీసి, నువ్వు దేవదూతవని రాసి, సంతకం పెట్టి, నా చేతిలో పెట్టాడు.

ఆ వారంలోనే చెల్లి వీసా వచ్చింది.

మార్చి నెలాఖరులో అక్కకి టెలిగ్రాం వచ్చింది. తమ్ముడికి పద్దెనిమిది నెలలు జైలు. ఒంటికన్నుతో. ఆవిడ రాజీనామా ఇచ్చేసి వాళ్లమ్మ దగ్గరికి బయల్దేరింది. పెట్టెలు కిందికి దింపడానికి నేను వెళ్లాను. టాక్సీ వాడు డిక్కీ తీస్తుంటే ఇంక పట్టలేకపోయాను. ఆవిడ చెయ్యి పట్టుకుని, "అక్కా, ఆయన అన్నాడు, నేను విన్నాను" అని అక్కడే రోలా నడివీధిలో భోరుమన్నాను.

"తెలుసు" అంది.

"ఎలా?"

"డిశ్చార్జి రోజు పొద్దున్న కింద ఆఫీసుకి పంపిన చార్టు చూశాను. నేనూ నర్సునే కదా. నోరు విప్పనివాడికి ఎవరూ ఇర్రెలవెంట్ టాక్ అని రాయరు."

"మరి తెలిసి అందరి ముందూ నన్నెందుకు అడిగావు?"

"నాకు తెలియాలని కాదక్కా. ఆయన ముందు ఎవరో ఒకరు పైకి అనాలని" అంది. తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేది! నా తలమీద చెయ్యి పెట్టి, పిల్లల వార్డులో పిల్లలకి చేసినట్టు రెండుసార్లు నిమిరి టాక్సీ ఎక్కింది. పైకి వెళ్లి చూస్తే ఆవిడ మంచం కింద ఆ క్రీము డబ్బా ఉంది, సీలు కూడా తియ్యలేదు.

అప్పటికే నాకు క్యాసెట్టు వినబుద్ధి కావడం లేదు. ఎనిమిది నెలలు ఒక ఉత్తరం రాయడం, చింపడం. చెల్లి వచ్చింది, డ్యూటీలో కుదురుకుంది. అప్పుడు అక్కకి రాశాను. ధైర్యం అనకండి, మా ఇద్దరికీ కొత్త కాంట్రాక్టు చేతికొచ్చాకే రాశాను. రికవరీలో ఆయన అన్న ప్రతి మాటా, టైముతో సహా, చార్టు రాసినట్టు రాశాను. తట్టొద్దన్నాడు అని, అద్దం ఎత్తినట్టు చెయ్యి తిప్పాడని, పేరు పిలిచాడని, ఏడ్చాడని. కింద సంతకం. అది ఏ కోర్టుకీ పనికిరాదని నాకు తెలుసు. అప్పటికి ఆ కుర్రాడు సగం శిక్ష అనుభవించేశాడు కూడా.

చాలా కాలానికి జవాబొచ్చింది. అక్క రాసింది కాదు. వంకరటింకర అక్షరాలు, గీతల మీద నిలబడకుండా కిందికి జారిపోతూ. ఒక కన్నుతో రాస్తే అలాగే ఉంటుంది కాబోలు. తమ్ముడు! జైల్లోంచి.

నన్ను కడిగేస్తాడనుకుని, బాత్రూములో గడియ పెట్టుకుని చదివాను. కేసు గురించి ఒక్క ముక్క లేదు, నా గురించి ఒక్క మాట లేదు. అక్క పంపిన నా ఉత్తరం పదిసార్లు చదువుకున్నాడట. ఒక్కటే అడగాలనుకున్నాడట.

"ఆయన దగ్గర మూడేళ్లు పనిచేశాను మేడమ్. ఎప్పుడూ ఒరే అబ్బాయ్ అనేవాడు. నా పేరు ఆయనకి తెలియదనుకున్నాను. నిజంగా నా పేరు పిలిచాడా?"

బయట ఆంటీ తలుపు బాదుతోంది, డ్యూటీకి టైమవుతోందే అని. నేను ఆ నేలమీద చతికిలబడిపోయాను. తెలుసు! ఆ మనిషికి వీడి పేరు తెలుసు. అద్దం ఎత్తిన రోజునా తెలుసు, కారిడార్లో ఫోటో చూపించిన రోజునా తెలుసు.

ఆ రోజే జవాబు రాశాను. నా చేత్తో నేను రాసినవాటిలో ఆ ఒక్క కాగితాన్ని తల్చుకుంటే నాకు సిగ్గనిపించదు.

"పిలిచాడు నాయనా. రెండుసార్లు పిలిచాడు. నేను మెలకువగానే ఉన్నాను."